సింహాద్రి అప్పన్న లింగాకారంలో ఎందుకు కనిపిస్తాడు?

సింహాచలం గర్భాలయంలో ఉన్నది శివలింగమా, విష్ణు విగ్రహమా అని మీరు అడిగారు. చిన్నప్పుడు మా అమ్మమ్మతో కొండెక్కినప్పుడు నేనూ ఇదే అడిగాను. "అది చందనం నాయనా, లోపల అప్పన్న ఉన్నాడు" అని మాత్రం చెప్పి ఆమె నన్ను ముందుకు నడిపించింది. అప్పన్న అంటే విష్ణు రూపమైన వరాహ నరసింహ స్వామి.

హిరణ్యకశిపుడు ప్రహ్లాదుణ్ణి సముద్రంలో తోయించి పైన కొండను వేయించగా, స్వామి ఆ కొండపైకి దూకి బాలుణ్ణి కాపాడాడనీ, ఆ వేగానికి ఆయన పాదాలు భూమిలో దిగబడిపోయాయనీ స్థలపురాణం చెబుతుంది. విగ్రహానికి పాదాలు కనిపించకపోవడానికి భక్తులు చెప్పుకునే కారణం ఇదే. ప్రహ్లాదుని తర్వాత పూజలు ఆగిపోయి, విగ్రహం చుట్టూ పుట్ట పెరిగిందట. చాలా కాలానికి ఊర్వశితో ఇటు వచ్చిన పురూరవుడు ఆ పుట్టను తవ్వించి స్వామిని వెలికితీసినప్పుడు, తొలగించిన మట్టికి బదులుగా అంత చందనం పూయమనీ, ఏడాదికి ఒక్కరోజే నిజరూపం చూడమనీ ఆకాశవాణి పలికిందని కథ. అంటే మీరు చూసిన లింగాకారం ఒక విధంగా ఆ పుట్ట రూపమే.

కథ ఎంత ప్రాచీనమో గాని, ఆలయం ప్రాచీనతకు శాసనాల ఆధారం ఉంది. కులోత్తుంగ చోళుని కాలపు శాసనం 11వ శతాబ్ది చివరిది.

నిజరూపం చూడగలిగే ఆ ఒక్కరోజు అక్షయ తృతీయ. కొన్నేళ్ల క్రితం రాత్రంతా వరుసలో నిలబడి నిజరూపాన్ని చూశాను. దక్కినవి కొన్ని క్షణాలే అయినా, వరాహ ముఖమూ, త్రిభంగిలో, అంటే మూడు వంపుల భంగిమలో నిలిచిన దేహమూ, రెండు చేతులూ స్పష్టంగా కనిపించాయి. సింహపు తోక కూడా ఉంటుందంటారు గాని, వెనుకనున్నవారి తోపులాటలో అది నా కంట పడలేదు. ఆ రాత్రే తిరిగి చందనం సమర్పిస్తారు. ఆ తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములలో మరో మూడు విడతలు జరుగుతాయి. విడతకు మూడు మణుగులు, అంటే సుమారు 125 కిలోలు.

నిజరూపం కోసం అంత రద్దీని తట్టుకోలేనివారికి నేను ఆషాఢ పౌర్ణమి ముందరి గిరిప్రదక్షిణనే సూచిస్తాను. కొండ దిగువన తొలి పావంచా (మొదటి మెట్టు) వద్ద కొబ్బరికాయ కొట్టి మొదలుపెడితే నడక దాదాపు 32 కిలోమీటర్లు. ఆలయంలోని కప్పస్తంభం అనే స్తంభాన్ని కౌగిలించుకుని కోరిక చెప్పుకోవాలనుకుంటే మాత్రం రద్దీ లేని మామూలు రోజున వెళ్లండి.