పదాన్ని విప్పి చూడు బిడ్డా

ప్రశ్న: సార్, మాది నర్సంపేట దగ్గర ఊరు, పదో తరగతి చదువుతున్న. బయాలజీ పదాలు రాత్రి బట్టీ పడితే పొద్దుగాలకు యాదికుంటలేవు. దారువు, పోషక కణజాలం రెండు కలిసిపోతున్నయి, సమవిభజన, క్షయకరణ విభజన గూడ అంతే, ధమని సిర సంగతి చెప్పనే వద్దు. పరీక్షలు దగ్గరికొచ్చినయి, ఏం చెయ్యాలె?

జవాబు: బిడ్డా, నువ్వు డెఫినిషన్ బట్టీ పడుతున్నవ్ గని పదం దిక్కు చూస్తలేవ్. సగం జవాబు పదంలనే ఉంటది. దారువు అంటే కట్టె. చెట్టు మొద్దుల గట్టిగుండే కట్టె అదే, వేర్లకెల్లి నీళ్లు, లవణాలు పైకి తీసుకపోయేది అదే. పోషక కణజాలం పేర్లనే పోషణ ఉన్నది, ఆకుల్ల తయారైన ఆహారాన్ని మోస్తది. సమవిభజన, క్షయకరణ విభజన రెండు కణం విడిపోయే తీర్లు. సమ అంటే సమానం, మనిషి కణంల 46 క్రోమోజోములు (తల్లిదండ్రుల లక్షణాలు మోసే పోగులు) ఉంటే సమవిభజనతోని పుట్టిన రెండు పిల్ల కణాల్ల గూడ 46 ఉంటయి. క్షయం అంటే తగ్గుడు, అండం, వీర్యకణాలు తయారయ్యే క్షయకరణ విభజనల నాలుగు కణాలొస్తయి, ఒక్కోదాంట్ల 23. అట్ల తగ్గకుంటే తల్లియి 46, తండ్రియి 46 కలిసి బిడ్డకు 92 అయితుండె, ఇది ఒక్కసారి సమజైతే ఇగ మర్చిపోవు.

ధమనిల మంచి రక్తం, సిరల చెడు రక్తం అని చానమంది రాస్తరు, అది చూసినప్పుడల్లా నాకు బాధైతది, ఎందుకంటే పిల్లలు కష్టపడి తప్పు నేర్చుకుంటున్నరు. గుండెకెల్లి బయటికి తీసుకపోయేది ధమని, గుండెకు తెచ్చేది సిర, గంతే. ఊపిరితిత్తులకు పోయే పుపుస ధమనిల ఉండేది ఆక్సిజన్ తక్కువున్న రక్తమే, ఊపిరితిత్తులల్ల ఆక్సిజన్ నింపుకొని పుపుస సిరల తిరిగొస్తది.

అవాయు శ్వాసక్రియకు తాటికల్లు యాది చేసుకో. పొద్దుగాల తియ్యగుండి పొద్దెక్కినంక పులుస్తది గదా, ఈస్ట్ ఆక్సిజన్ లేకుండనే చక్కెరను ఆల్కహాల్ చేస్తది, కార్బన్ డయాక్సైడ్ నురుగై పైకొస్తది. ద్రవాభిసరణ అంటే పల్చటి పొర గుండ నీళ్లు చిక్కదనం తక్కువున్న దిక్కుకెల్లి ఎక్కువున్న దిక్కు పోవుడు, దానికైతే కిస్మిస్ నీళ్లల్ల నానబెట్టు, ఉబ్బుతది, దాన్నే చిక్కటి ఉప్పునీళ్లల్ల ఏస్తే ముడుచుకుంటది.

కలిసిపోయే పదాలు జోడీలుగ రాసుకో, పుస్తకం మూసి తేడా నీ సొంత మాటల్ల రాయి, అప్పుడు తెరిచి దిద్దుకో. ఉత్తగ పదిసార్లు చదివితే వచ్చినట్టే అనిపిస్తది గని పెన్ను పట్టుకుంటే రాదు. తప్పినయి రేపు ఒకసారి, మళ్ల మూడు రోజులకు ఒకసారి రాయి. గుండె, నెఫ్రాన్ (మూత్రపిండంల రక్తాన్ని వడపోసే చిన్న గొట్టం) బొమ్మలు గూడ ఉత్తగ గీసి భాగాల పేర్లు చూడకుండ పెట్టు. అర్ధరాత్రి దాక కూసోకు, నిద్రపో, పొద్దుగాల లేచి రాత్రి తప్పినయి మాత్రం ఒకసారి రాసి బడికి పో.