షార్లెట్ బడి బస్సులు, జడ్జి మెక్‌మిలన్

మీరడిగింది: "అమెరికాలో కోర్టు ఆర్డరేసి మరీ నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ కలిపి చదివించిన జడ్జి ఉన్నాడట. ఎవరాయన? అది పనిచేసిందా? మన రిజర్వేషన్ల లాంటిదేనా?"

అలాంటి జడ్జీలు చాలామందే ఉన్నారండీ. బోస్టన్ జడ్జి గారిటీ పేరు ఎక్కువ వినబడుతుంది, అక్కడ పిల్లల బస్సుల మీద రాళ్లు పడ్డాయి కాబట్టి. నేను చెప్పగలిగేది మా ఊరి జడ్జి గురించి. నార్త్ కరోలినాలోని షార్లెట్‌కి మేం 1997లో వచ్చాం. మా అమ్మాయి బడిలో చేరేసరికి ఆ ఏర్పాటు చివరి రోజుల్లో ఉంది.

ఆయన పేరు జేమ్స్ మెక్‌మిలన్. 1916లో పుట్టాడు, ఈ రాష్ట్రంలోనే పల్లెటూళ్లో పెరిగాడు. హార్వర్డ్‌లో లా చదివి, యుద్ధకాలంలో నేవీలో చేసి, షార్లెట్‌లో ఇరవై ఏళ్లకు పైగా ప్రాక్టీసు పెట్టాడు. రాష్ట్ర బార్ అసోసియేషన్‌కి ప్రెసిడెంటుగా కూడా చేశాడు. అంటే ఉద్యమాల మనిషి కాదు, ఊళ్లో పెద్దమనిషి. 1968లో ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ ఫెడరల్ జడ్జిగా వేశాడు. కొద్ది నెలలకే స్వాన్ కేసు ఆయన ముందుకొచ్చింది.

ఈ కేసుకి మన దేశంతో ఒక చుట్టరికం ఉంది. ఇక్కడి మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. డేరియస్ స్వాన్, వీరా స్వాన్ నల్లజాతి దంపతులు, ప్రెస్బిటేరియన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు. ఇండియాలో పనిచేసి 1964లో షార్లెట్‌కి వచ్చారు. కొడుకు జేమ్స్‌కి అప్పుడు ఆరేళ్లు. ఇంటి దగ్గర సెవర్స్‌విల్ బడిలో రెండు జాతుల పిల్లలూ ఉన్నారు. ఊరి స్కూళ్లు నడిపే బోర్డు మాత్రం ఆ పిల్లాణ్ని నల్లపిల్లలే చదివే బిడిల్‌విల్ బడికి వేసింది. ఇండియాలో పెరిగిన మావాడికి జాతిని బట్టి విడదీయడమంటే ఏమిటో తెలియదు అని తండ్రి బోర్డుకి ఉత్తరం రాశాడు. (మన ఊళ్ల సంగతి తెలిసిన మనకి ఆ మాట కాస్త గుచ్చుకుంటుందనుకోండి.) బోర్డు వినలేదు. 1965లో లాయర్ జూలియస్ చేంబర్స్ కేసు వేశాడు. ఆ ఏడాదే ఆయన కారు మీద ఒకసారి, ఇంటి మీద ఒకసారి బాంబులు పడ్డాయి. 1971లో ఆఫీసు తగలబెట్టారు. అయినా ఆయన కేసు వదల్లేదు.

మొదట ఇంకో జడ్జి బోర్డు వైపే తీర్పిచ్చాడు. 1968లో సుప్రీంకోర్టు ఇంకో కేసులో, ఎవరికి నచ్చిన బడికి వాళ్లు వెళ్లొచ్చని చెప్పి ఊరుకుంటే చాలదు, విడదీత నిజంగా పోవాలి అంది. దాంతో చేంబర్స్ మళ్లీ కోర్టు తలుపు తట్టాడు. ఈసారి జడ్జి మెక్‌మిలన్.

అయిష్టంగానే విన్నాను, మొదట్లో నమ్మలేదు అని ఆయనే తర్వాత సెనేట్ కమిటీ ముందు చెప్పుకున్నాడు. ఆయన్ని మార్చింది లెక్కలు. కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తం 84,000 మంది పిల్లలు. వాళ్లలో నల్లపిల్లలు సుమారు 24,000. అందులో 14,000 మంది పూర్తిగానో దాదాపు పూర్తిగానో నల్లపిల్లలే ఉన్న 21 బళ్లలో ఉన్నారు. బోర్డుది ఒకటే మాట: ఇళ్లు అలా ఉన్నాయి, బళ్లూ అలాగే ఉంటాయి. మరి ఇళ్లు అలా ఎందుకున్నాయి? జోనింగ్, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చన్న నిర్ణయం, ఎవరు చేశారు, ప్రభుత్వ ఇళ్లు ఏ వైపు కట్టారు, బ్రూక్లిన్ అనే నల్లవాళ్ల పేటని కూలగొట్టినప్పుడు వాళ్లని ఎటు తోశారు? ఇవన్నీ చూశాక, ఇది దానంతటది జరిగింది కాదు, ప్రభుత్వం చేతులతో జరిగింది అని 1969 ఏప్రిల్‌లో తేల్చాడు. బోర్డు నానబెడుతూ ఉంటే రోడ్ ఐలండ్ నుంచి జాన్ ఫింగర్ అనే విద్యారంగ నిపుణుణ్ని పిలిపించి ప్లాన్ గీయించి, 1970 ఫిబ్రవరిలో రెండు జాతుల పిల్లల్నీ కలపడానికి బస్సుల్లో దూరపు బళ్లకి పంపమని ఆర్డరేశాడు. దీన్నే బస్సింగ్ అంటారు. 1971 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సరేనంది. ఆ తీర్పు రాసింది, బస్సింగ్‌ని వ్యతిరేకించిన ప్రెసిడెంట్ నిక్సన్ వేసిన చీఫ్ జస్టిస్ బర్గర్!

జడ్జిగారి దిష్టిబొమ్మని ఉరి తీశారు. బెదిరింపులు వచ్చాయి, గోల్ఫ్ ఆడే స్నేహితులు మొహం చాటేశారు. ఆయన మాత్రం ఊరు వదల్లేదు. 1995లో పోయేదాకా ఇక్కడే.

పనిచేసిందా అంటే, నా మటుకు పనిచేసిందనే చెప్తాను. నా టీములో ఒక తెల్లాయన ఉండేవాడు, 70ల్లో వెస్ట్ షార్లెట్ హైస్కూల్లో చదివాడు. అంతకుముందు అది నల్లపిల్లల బడి. ఈస్టోవర్ లాంటి డబ్బున్న పేట పిల్లల్ని అక్కడికి పంపడం మొదలయ్యాకే గొడవ సద్దుమణిగింది, మావాళ్లే వెళ్తున్నప్పుడు బడి బాగుండాలని పెద్దలకి పట్టింది అనేవాడు. 1974లో ఆ బడి పిల్లలు బోస్టన్ పిల్లల్ని పిలిచి, ఇదిగో ఇలా కలిసి చదువుకోవచ్చు అని చూపించారు. 1984లో ప్రెసిడెంట్ రీగన్ ఇక్కడికొచ్చి బస్సింగ్‌ని తిడితే సభలో చప్పట్లు పడలేదు. కాకపోతే భారం సమానంగా పడలేదు. ఫింగర్ ప్లాన్లో ఒకటి నుంచి నాలుగు చదివే నల్లపిల్లలు బస్సెక్కి శివార్లకి పోవాలి, తెల్లపిల్లలకి ఆ వంతు ఐదు, ఆరు తరగతుల్లో. పైగా సెకండ్ వార్డ్ అనే పాత నల్లజాతి హైస్కూలుని 1969లో మూసేశారు.

ఇక మా సంగతి. 1992 నుంచి మాగ్నెట్ స్కూళ్లని, అంటే ఊరంతటి నుంచీ పిల్లల్ని ఆకర్షించే ప్రత్యేక కోర్సుల బళ్లు, పెట్టి సీట్లకి లాటరీ తీసేవారు. నల్లపిల్లలకి 40 శాతం, మిగతావాళ్లకి 60. వంటింటి బల్ల మీద ఆ ఫారం పెట్టుకుని మా ఆవిడా నేనూ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. లాటరీలో ఉన్నవి రెండే వరసలు, నల్లవాళ్లు, నల్లవాళ్లు కానివాళ్లు. మన రంగుకి అక్కడ చోటు లేదు. మా అమ్మాయి రెండో వరసలో పడి, సీటు వచ్చి, తెల్లవారకముందే బస్సెక్కేది. బడిలో చేరాక దాని మొదటి పుట్టినరోజు పార్టీకి వచ్చిన పిల్లలు మా వీధివాళ్లు కారు, ఊరి ఆ చివరి నుంచి వచ్చినవాళ్లు.

ఆ లాటరీ మీదే 1997లో ఒక తండ్రి కేసు వేశాడు. 1999లో జడ్జి రాబర్ట్ పాటర్ మొత్తం ఆర్డరుకే తెర దించాడు. ఈయన జడ్జి కాకముందు బస్సింగ్‌ని వ్యతిరేకించినవాడే. 2002 నుంచి ఇంటి దగ్గరి బడే లెక్క. ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో కొత్తగా వచ్చేవాళ్ల మొదటి ప్రశ్న "బ్యాలంటైన్ వైపు ఏ స్కూలుకి రేటింగ్ ఎంత?" అనే. తప్పు పట్టను, ఇల్లు కొన్నప్పుడు నేనూ అదే చూశాను.

ఒక హెచ్చరిక. పేద పిల్లలు పైకెదగడంలో 50 పెద్ద నగరాల్లో షార్లెట్ చివరిదని 2014లో హార్వర్డ్‌లోని రాజ్ చెట్టి బృందం లెక్క తేల్చింది. బస్సులు ఆపేయడం వల్లే ఇలా అయిందని కొందరు రాస్తారు. అది కుదరదు. ఆ లెక్కలోని పిల్లలు 1980-82 ప్రాంతంలో పుట్టినవాళ్లు, బస్సుల కాలంలోనే చదివారు. బడి ఒక్కటీ అన్నీ సరిచేయలేదన్నమాట.

రిజర్వేషన్ల లాంటిదా అంటే, మెక్‌మిలన్ ఆర్డరు కాదు. అక్కడ అందరికీ సీటు ఉంది, ఏ బడిలో అన్నదే తగువు. కౌంటీ బళ్లలో తెల్లపిల్లలు 71, నల్లపిల్లలు 29 శాతం అన్న నిష్పత్తిని కోటాగా కాదు, మొదలుపెట్టే గీతగా వాడుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. మీకు పోలిక కావాలంటే తర్వాత వచ్చిన ఆ 60-40 లాటరీతో పోల్చుకోండి. పాటర్ తప్పుపట్టినవాటిలో అదీ ఒకటి.