డేటింగ్ యాప్‌కి కట్టే డబ్బు ఎవరి జేబులోకి పోతుంది?

ప్రశ్న: "డేటింగ్ యాప్‌లో గోల్డ్ ప్లాన్ తీసుకుందామనుకుంటున్నాను. ఎక్కువమంది ఫ్రీగానే వాడతారు కదా, ఈ కంపెనీలకి ఆదాయం ఎలా వస్తుంది? డబ్బు కడితే నిజంగా ఫలితం ఉంటుందా?"

తీసుకుంటే ఒక్క నెలకే తీసుకోండి. 6 నెలల ప్లాన్ నెలకి చవగ్గా పడుతున్నట్టు చూపిస్తారు గానీ, మొదటి నెలలో రాని ఫలితం ఆరో నెలలో రావడం అరుదు.

పూర్వం పెళ్ళిళ్ళ పేరయ్యకి సంబంధం కుదిరాక ముట్టజెప్పేవాళ్ళు. యాప్ ముందే తీసుకుంటుంది. అదీ సంబంధానికి కాదు, వరసలో ముందుకి జరిపినందుకు. బూస్ట్ కొంటే 30 నిమిషాలపాటు మీ చుట్టుపక్కల వాళ్ళకి మీ ప్రొఫైల్ ముందు కనిపిస్తుంది, అంతే. మంగళవారం మధ్యాహ్నం వాడిన బూస్ట్ దండగ. ఆదివారం రాత్రి 9 గంటలప్పుడు వాడండి, జనం ఫోన్లు పట్టుకుని ఉంటారు.

ఇక గోల్డ్. మిమ్మల్ని లైక్ చేసినవాళ్ళ ఫొటోలు మసగ్గా పెట్టి, పైన అంకె వేస్తారు. చొక్కా రంగు తెలుస్తుంది, ముఖం తెలీదు. ఆ మసక తొలగించడానికే డబ్బు. అంకె 3 అని ఉంటే కట్టకండి, చిన్న ఊళ్ళో అయితే స్వైప్ చేస్తూ, అంటే ప్రొఫైళ్ళని వేలితో పక్కకి జరుపుతూ పోతే, వాళ్ళు ఎలాగూ ఎదురవుతారు. 50 దాటితే, రోజూ స్వైప్ చేసే ఓపిక లేకపోతే, ఒక నెల కట్టొచ్చు. అంకె అసలు పెరగడం లేదంటే లోపం ప్లాన్‌లో లేదు, మొదటి ఫొటోలో ఉంది. కూలింగ్ గ్లాసుల ఫొటో, పెళ్ళిలో పదిమందితో దిగిన గ్రూప్ ఫొటో తీసేసి చూడండి.

ఇప్పుడు ఆదాయం సంగతి. టిండర్, హింజ్, ఓకేక్యుపిడ్, ప్లెంటీ ఆఫ్ ఫిష్ అన్నీ మ్యాచ్ గ్రూప్ అనే ఒకే అమెరికా కంపెనీవి. 2024లో దాని ఆదాయం దాదాపు 348 కోట్ల డాలర్లు. ప్రకటనల వాటా అందులో 2 శాతం దగ్గరే, మిగతాదంతా వాడేవాళ్ళ జేబులోంచే. అలా కట్టేవాళ్ళు ప్రపంచం మొత్తమ్మీద కోటిన్నర మంది లోపే. ఫేస్‌బుక్ లెక్క దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడ మనిషి ఎన్నేళ్ళు కూర్చుంటే అన్ని ప్రకటనలు. డేటింగ్ యాప్ బాగా పనిచేస్తే కస్టమర్ వెళ్ళిపోతాడు, పైగా వెళ్తూ ఇంకొకర్ని తీసుకుపోతాడు. అందుకే ఉన్న నాలుగు రోజుల్లోనే వీలైనంత పిండుకోవాలని చూస్తారు. ఆ పిండుడు ఎంతదాకా వెళ్ళిందంటే, 2015లో అమెరికాలో టిండర్ ప్లస్ అనే ప్లాన్ మొదలైనప్పుడు 30 ఏళ్ళలోపు వాళ్ళకి నెలకి 9.99 డాలర్లు, దాటినవాళ్ళకి 19.99. అదే యాప్, అవే బటన్లు! వయసు చూసి ఇలా ధర పెంచడం వివక్షేనని 2018లో కాలిఫోర్నియా అప్పీల్ కోర్టు చెప్పింది.

అయితే అసలు దుకాణదారు వీళ్ళు కూడా కాదు. సంతలో బుట్ట దించితే ఆశీలు వసూలు చేసేవాడు ఒకడుంటాడే, ఇక్కడ వాళ్ళు యాప్ స్టోర్లు నడిపే యాపిల్, గూగుల్. ఉదాహరణకి మీరు 590 రూపాయలు కట్టారనుకోండి. 18 శాతం జీఎస్టీ కింద 90 పోతే మిగిలేది 500. పెద్ద కంపెనీ అయితే యాపిల్ మొదటి ఏడాది అందులో 30 శాతం, అంటే 150 పట్టుకుంటుంది. అదే కస్టమర్ ఏడాది దాటి కొనసాగితే 15 శాతమేనట! డేటింగ్ యాప్‌కి ఏడాది పైన కట్టేవాడు ఉన్నాడంటే ఆ యాప్ పని చెయ్యనట్టే కదా, ఈ రాయితీ ఎవరికి? గూగుల్ సబ్‌స్క్రిప్షన్ మీద 15 శాతం, బూస్ట్, సూపర్ లైక్ లాంటి విడి కొనుగోళ్ళ మీద ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటాక 30 శాతం తీసుకుంటూ వచ్చింది.

ఇక్కడే 2024 మార్చి 1 సంగతి చెప్పాలి. అంతకు ముందు, 2022 అక్టోబరులో, ప్లే స్టోర్ యాప్‌లు గూగుల్ బిల్లింగ్ ద్వారానే డబ్బు తీసుకోవాలన్న నిబంధన విషయంలో, వ్యాపారంలో పోటీ సరిగ్గా సాగేలా చూసే మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తర్వాత గూగుల్ "వేరే పేమెంట్ గేట్‌వే పెట్టుకోండి, 4 శాతం తగ్గిస్తాం" అంది. అంటే కమీషన్ 11 లేదా 26. గేట్‌వే ఖర్చు పోగా కంపెనీకి మిగిలేది చిల్లరే. కొన్ని కంపెనీలు ఈ కమీషన్ కట్టేది లేదని కోర్టుకెళ్ళాయి. 2024 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు మధ్యంతర ఊరట ఇవ్వలేదు. మార్చి 1, శుక్రవారం, ప్లే స్టోర్‌లోంచి భారత్ మ్యాట్రిమోనీ, షాదీ, ట్రూలీమ్యాడ్లీ, మన హైదరాబాద్ నుంచి నడిచే క్వాక్‌క్వాక్ వరసగా మాయమయ్యాయి.

ఫోన్లో అప్పటికే ఉన్న యాప్ పనిచేస్తూనే ఉంది. కొత్తగా వెతికేవాళ్ళకే దొరకలేదు. ఇదేం పెద్ద నష్టం అనిపిస్తుంది గానీ, ఈ వ్యాపారంలో పాత కస్టమర్లు రోజూ వెళ్ళిపోతూనే ఉంటారు. కొత్త ప్రొఫైల్ రాకపోతే, డబ్బు కట్టి కూర్చున్న అమ్మాయి తండ్రికి నిన్న చూసిన అబ్బాయిలే మళ్ళీ కనిపిస్తారు, ప్లాన్ పొడిగించడు. యాప్‌లు మాయమైన మర్నాడే కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఇలా తీసేయడం కుదరదన్నారు, 5న గూగుల్ తాత్కాలికంగా తిరిగి పెడతానంది.

మ్యాట్రిమోనీ వాళ్ళు పాపం అనుకోకండి. అక్కడ 3 నెలలు, 6 నెలల ప్యాకేజీలు ముందే వసూలు చేస్తారు. అమ్మేది ముఖ్యంగా ఫోన్ నంబర్లు, ఇన్ని చూడొచ్చని లెక్క కడతారు. "ఆఫర్ ఈ రోజుతో ఆఖరు సార్" అని ఫోన్ వస్తే తొందరపడకండి, ఆ ఆఖరు రోజు మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. నెలాఖరులో టార్గెట్లు ఉంటాయి, అప్పుడు బేరమాడండి.

కొనేముందు ఆ యాప్‌కి వెబ్‌సైట్ ఉంటే అక్కడి ధర కూడా చూడండి, కమీషన్ లేదు కాబట్టి ఒక్కోసారి తక్కువుంటుంది. కొన్న రోజే ఆటో రెన్యువల్ ఆపేయండి, కట్టిన గడువు అయ్యేదాకా ప్లాన్ మామూలుగా నడుస్తుంది. యాప్ డిలీట్ చేస్తే ప్లాన్ ఆగదు, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు మీ ఫొటో నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్ళి క్యాన్సిల్ కొట్టాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, మీ పేరు, సబ్‌స్క్రిప్షన్స్. గడువుకి కనీసం 24 గంటల ముందు ఈ పని అయిపోవాలి. 15,000 రూపాయల లోపు ఆటోపేకి ప్రతిసారీ ఓటీపీ అడగరు, ముందురోజు ఒక మెసేజ్ మాత్రం వస్తుంది, అది చూడకుండా వదిలేయకండి. వెబ్‌సైట్‌లో కొన్న ప్లాన్ మాత్రం ఈ రెండు చోట్లా కనపడదు, ఆ సైట్‌లోనే లాగిన్ అయి ఆపుకోవాలి.