ఉన్న కొద్ది సమయంలో ఎక్కువ పనులు చేయగలమని ఎందుకు అనుకుంటాం?

అంచనా వేసేటప్పుడు మనం ఆ పని ఏ ఆటంకమూ లేకుండా సాగిపోతున్నట్టు ఊహించుకుంటామే తప్ప, అలాంటి పనులకు ఇంతకుముందు నిజంగా ఎన్నాళ్లు పట్టిందో లెక్కలోకి తీసుకోం. 1979లో మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ ఈ పొరపాటును గుర్తించి దానికి ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరు పెట్టారు. 1994లో వెలువడిన బ్యూలర్, గ్రిఫిన్, రాస్‌ల అధ్యయనంలో, సిద్ధాంతవ్యాసానికి సగటున 34 రోజులు చాలనుకున్న విద్యార్థులకు 55 రోజులు దాటింది. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లు పడుతుందని అడిగినా వారు చెప్పింది సగటున 49 రోజులే. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ చివరి సంఖ్యే. పాత ఆలస్యాలు మనకు గుర్తుంటాయి. అయితే జ్వరం, కరెంటు కోత, చుట్టాల రాక వంటి ఒక్కో కారణాన్నీ అప్పటికి మాత్రమే పరిమితమైనదిగా తీసిపారేస్తాం. ఫలానా ఆటంకమే మళ్లీ రాకపోవచ్చు గాని, ఏదో ఒకటి వచ్చే అవకాశం మాత్రం ఎప్పుడూ ఎక్కువే.