చిన్నమెదడులో రక్తనాళాల గడ్డ అని ఆపరేషన్‌కి ముందే ఎలా తెలుస్తుంది?

మీ అక్కకి చిన్నమెదడులో నీటితిత్తి, దాని గోడకి అంటుకుని చిన్న గడ్డ ఉన్నాయనీ, అది రక్తనాళాల గడ్డ అయ్యుండొచ్చని డాక్టర్ అన్నారనీ రాశారు. ముక్క తీసి చూడకుండా అదెలా చెప్తారు, తలలో జబ్బుకి కంటి పరీక్ష, కడుపు స్కాన్ ఎందుకు అని అడిగారు. నేను డాక్టర్ని కాదండి. కానీ 2017లో మా తమ్ముడికి అచ్చం ఇదే వచ్చింది, అందుకే రాస్తున్నా. ఆ పరీక్షలు దయచేసి ఒక్కటి కూడా మానొద్దు.

మావాడికి అప్పుడు 31 ఏళ్లు. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి అయ్యాక కాస్త తగ్గేది. వాంతులు కదా అని మూడు నెలలు గ్యాస్‌కి మందులు వాడాం, ఎండోస్కోపీ కూడా చేయించాం. తర్వాత నడిస్తే ఎడమ పక్కకి తూలడం మొదలైంది, ఊళ్లో కొందరు తాగుతున్నాడనుకున్నారు, వాడు ఆ మాటకి ఎంత బాధపడ్డాడో నాకు తెలుసు. చివరికి సీటీ తీస్తే చిన్నమెదడులో నీటితిత్తి కనిపించింది. మొదట వెళ్లిన ఆసుపత్రిలో చిన్న రంధ్రం పెట్టి నీళ్లు తీసేసి, వీలైతే ముక్క కూడా తీసి ల్యాబ్‌కి పంపుదాం అన్నారు. మేం సరే అనబోయాం కూడా.

మా బావ పట్టుబట్టడంతో ఇంకో న్యూరోసర్జన్‌కి చూపించాం. ఆయన మందు ఎక్కించి ఎమ్మారై తీయించారు. గాడోలినియం అనే ఆ మందు ఎక్కాక, సీటీలో అసలు కనిపించని 9 మిల్లీమీటర్ల గడ్డ ఒకటి తిత్తి గోడలో బల్బు వెలిగినట్టు తెల్లగా వెలిగింది. తిత్తి గోడ మాత్రం వెలగలేదు. ఇంకో రకం ఫొటోలో ఆ గడ్డ పక్కన సన్నటి పురుగుల్లాంటి నల్లటి వంకర గీతలు చూపించారు, వేగంగా రక్తం పారే నాళాలు అలా నల్లగా పడతాయట. ఆయన అన్న మాట నాకింకా గుర్తుంది: "నీళ్లు తీస్తే మళ్లీ ఊరతాయి, అసలు సరుకు ఇది." పెద్దవాళ్లలో, చిన్నమెదడులో, మెదడు పైపొరకి ఆనుకుని, ఈ రూపంలో ఉందంటే మొదట అనుమానించేది హీమాంజియోబ్లాస్టోమా అనే గడ్డనే. ఇది క్యాన్సర్ కాదు, గ్రేడ్ 1. కానీ గడ్డంతా సన్నటి రక్తనాళాలే కాబట్టి సూదితో ముక్క తీయబోతే రక్తం ఆపడం కష్టం. పైగా మెదడులో ఆ భాగం చాలా ఇరుకు, పక్కనే ఊపిరిని నడిపే మెదడు కాండం ఉంటుంది. అందుకే ముందు ముక్క తీయరు. ఆపరేషన్‌లో కూడా గడ్డని కోయకుండా చుట్టూ వచ్చే నాళాలని ఒక్కొక్కటీ మూసుకుంటూ వెళ్లి మొత్తంగా బయటికి తీస్తారు.

ఆ డాక్టర్ పట్టుకున్న ఇంకో సంగతి హిమోగ్లోబిన్. మావాడికి 18.4 ఉంది, అంటే మామూలు కంటే ఎక్కువ. అంతకుముందు చూసినవాళ్లు రక్తం బాగుంది అనేసి వదిలేశారు. రక్తకణాలు తయారు చేయమని చెప్పే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ మామూలుగా కిడ్నీల నుంచి వస్తుంది, ఈ గడ్డల్లో కొన్ని దాన్ని తామే తయారు చేస్తాయి. మావాడికి ఆపరేషన్ అయిన రెండు నెలలకి హిమోగ్లోబిన్ 15కి దిగింది. మీ అక్క పాత రక్తపరీక్షల కాగితాలు ఉంటే తీసి చూడండి, తక్కువ ఉన్నా ఈ గడ్డ కాదని మాత్రం అనుకోవద్దు.

ఇక కళ్లు, కడుపు సంగతి. మా నాన్నకి నలభై ఏళ్లప్పుడు కుడి కన్ను పోయింది, పొలంలో పురుగుమందు పడిందని ఇంట్లో అందరం అనుకున్నాం. తర్వాత కిడ్నీలో గడ్డతో పోయారు. "ఇంట్లో ఎవరికైనా చూపు పోవడం, కిడ్నీ గడ్డ?" అని సర్జన్ అడిగితే అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వాన్ హిప్పెల్ లిండావ్ అని ఒక వంశపారంపర్య జబ్బు ఉంది, చాలామందికి ఈ గడ్డ విడిగానే వస్తుంది కానీ కొందరిలో దీని భాగంగా వస్తుంది. అప్పుడు కంటి రెటీనాలో, వెన్నులో ఇలాంటి గడ్డలు, కిడ్నీలో క్యాన్సర్, పాంక్రియాస్‌లో తిత్తులు కూడా ఉండొచ్చు. ఈ జబ్బుకి కారణమైన జన్యువు చెడితే ఆక్సిజన్ సరిపడా ఉన్నా కణం అది లేదనే అనుకుని కొత్త రక్తనాళాలు పుట్టించే సంకేతాలు పంపుతూ ఉంటుంది. 2019లో వైద్యంలో నోబెల్ వచ్చిన ముగ్గురిలో విలియం కేలిన్ పని చేసింది ఈ జన్యువు మీదే.

కడుపు స్కాన్‌కి ఇంకో కారణం, కిడ్నీ క్యాన్సర్ మెదడుకి పాకినా ఎమ్మారైలో ఇలాగే వెలుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథి. ఆ వంశపారంపర్య జబ్బులో అక్కడ ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ కూడా ఉండొచ్చు, అది తెలియకుండా మత్తు ఇస్తే బీపీ ఒక్కసారిగా పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. దానికి రక్తంలో గానీ 24 గంటల మూత్రంలో గానీ ఆ గడ్డ ఉంటే పెరిగే మెటానెఫ్రిన్స్ అనే పదార్థాలు చూస్తారు. మావాడు పెద్ద క్యాన్ పట్టుకుని రోజంతా విసుక్కున్నాడు, నార్మల్ వచ్చాకే మత్తు డాక్టర్ ఒప్పుకున్నారు. మీకు రాసిన పరీక్షల్లో ఇది లేకపోతే తప్పకుండా అడగండి.

కొందరికి యాంజియో అనే రక్తనాళాల పరీక్ష కూడా చేస్తారు: తొడ దగ్గర నుంచి గానీ మణికట్టు నుంచి గానీ సన్నటి గొట్టం పంపి, గడ్డకి రక్తం ఏ నాళాల నుంచి వస్తోందో చూస్తారు. గడ్డ పెద్దదై తిత్తి లేకుండా గట్టిగా ఉంటే కొందరు సర్జన్లు ముందే ఆ నాళాలని మూయిస్తారు, కానీ దానివల్ల వాపు, రక్తస్రావం ప్రమాదం ఉంది కాబట్టి అందరికీ చేయరు. మావాడిది చిన్నది, యాంజియో లేకుండానే నాలుగు యూనిట్ల రక్తం రెడీగా పెట్టుకుని చేశారు. రెండే వాడారు. పదో రోజుకి గోడ పట్టుకోకుండా నడిచాడు.

జన్యు పరీక్షలో మావాడికి ఆ వంశపారంపర్య జబ్బు ఉందని వచ్చింది, నాకు లేదు. ఆ రోజు నాకు సంతోషం రాలేదు, వాడి కూతురికి అప్పుడు నాలుగేళ్లు, బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం. పాపకి కూడా ఉంది. ఏటా రెటీనా చూపిస్తున్నాం, పోయినేడు కంట్లో చాలా చిన్న చుక్క దొరికితే లేజర్‌తో కాల్చేశారు, చూపు పూర్తిగా ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, అవసరమైతే అక్కడ మాట్లాడండి.

అక్క అపాయింట్‌మెంట్‌కి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, స్కాన్ సీడీ కూడా తీసుకెళ్లండి, సర్జన్లు చూసేది బొమ్మలే. స్కాన్‌కి మందు ఎక్కించే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూశారో లేదో కనుక్కోండి. అమ్మానాన్నల వైపు ఎవరికి కళ్లు, కిడ్నీ, బీపీ సమస్యలు వచ్చాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తలనొప్పి ఉన్నట్టుండి బాగా పెరిగినా, మగతగా ఉన్నా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, తలలో నీరు చేరి ఉండొచ్చు. ఎమ్మారై రిపోర్టులో ఏం రాశారో పేరు తీసేసి ఇక్కడ పెడితే నాకు తెలిసినంత చెప్తాను.