బలాలు తెలుసుకోవడానికి కోచ్ అవసరమా?

మనిషి బలాలేమిటో చెప్పే పరీక్ష రాస్తే ఐదు బలాల పేర్లు వచ్చాయనీ, వాటితో ఏం చేయాలో తోచడం లేదనీ, ఉద్యోగ విషయాల్లో దారి చూపే కోచ్ దగ్గరకు వెళితే ప్రయోజనం ఉంటుందా అనీ అడిగారు. ఉంటుంది. అయితే ఆ కోచ్ మీ నివేదికను పక్కన పెట్టి మీరు చేసే పనిని గురించి అడిగే మనిషై ఉండాలి. కొన్నేళ్లుగా ఉద్యోగులతో ఇదే పని చేస్తున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

పరీక్షలను నేను తీసిపారేయను. ఐదు పేర్లు అన్నారంటే మీరు రాసింది బహుశా గ్యాలప్ సంస్థ వారి క్లిఫ్టన్ స్ట్రెంగ్త్స్ అయి ఉంటుంది. అందులో 177 జతల వాక్యాలు, ఒక్కో జతకు 20 సెకన్ల గడువు, 34 లక్షణాలలో మీకు పై వరుసలో నిలిచిన ఐదు ఉంటాయి. చిక్కేమిటంటే, ఇలాంటి పరీక్షలన్నీ మనం మన గురించి చెప్పుకున్నదాన్నే వరుసలో పెట్టి మనకు తిరిగి అప్పగిస్తాయి. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులందరికీ ఒకే వర్ణనను ఎవరికి వారిదే అన్నట్లు పంచిపెడితే, అది తమకు ఎంత సరిపోయిందో చెబుతూ వారు ఐదుకు సగటున నాలుగుకు పైగా మార్కులు వేశారు. నివేదిక చదివి 'అచ్చం నేనే' అనిపించిందంటే అది సరైనదని అర్థం కాదు.

ఒకసారి ఒక సంస్థ లెక్కల విభాగంలో పనిచేసే ఆవిడ అలాంటి నివేదికనే మడతపెట్టి తెచ్చి, "ఇందులో ఉన్నవి మా సెక్షన్‌లో అందరికీ ఉంటాయండీ, నాకంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు" అన్నారు. ఈమధ్య ఎవరూ చెప్పకుండా మీ అంతట మీరు చేసిన పని ఏదైనా ఉందా అని అడిగాను. లేదన్నారు. తర్వాత కొత్తగా చేరిన కుర్రవాడి ప్రస్తావన వచ్చినప్పుడు, అతనికి రాసిచ్చిన కాగితమొకటి ఉందంటూ ఫోనులో ఫొటో చూపించారు. బిల్లులు ఏయే కారణాల వల్ల తిరిగి వస్తాయో అందులో వరుసగా ఉంది: ఆర్డరు నంబరు లేకపోవడం, పన్ను నంబరులో ఒక అంకె తప్పుపోవడం, కిందటి నెల తేదీ పడటం. ఒక్కోదాని పక్కన ఎవరికి ఫోను చేయాలో కూడా రాసి ఉంది. ఆ కాగితం నకళ్లు అప్పటికే మిగతావారి బల్లల మీదికీ చేరాయట. "అదేముందండీ, పాపం వాడు రోజూ చీవాట్లు తింటున్నాడని రాసిచ్చాను" అన్నారు. వరుస ఎలా నిర్ణయించారని అడిగేసరికి, తరచుగా జరిగే తప్పు ముందు రావాలనీ, తర్వాత ఎక్కువ డబ్బు ఆగిపోయే తప్పు రావాలనీ, కొత్తవాడు దిద్దలేని తప్పులు అట్టడుగున ఉంటేనే బెదిరిపోడనీ ఆవిడ ఆపకుండా చెప్పుకుపోయారు. నివేదికలోని ఐదు పేర్లలో ఏ ఒక్కటీ ఈ సంగతి చెప్పలేదు, చెప్పడం వాటి వల్ల కాదు కూడా. తనకు సునాయాసంగా వచ్చే పని అందరికీ అలాగే వస్తుందని మనిషి అనుకుంటాడు కనుక, అసలైన బలం దాని యజమానికే ఆఖరున తెలుస్తుంది. పక్కన కూర్చుని అడిగే మనిషి కావలసింది అందుకే.

అయితే కనిపెట్టడంతో సరిపోదు, పనిలో ఏదో ఒకటి మారాలి. ఆవిడ పై అధికారిని కలిసి, నెలాఖరు లెక్కల ముగింపు పద్ధతిని తాను రాసిపెడతాననీ, బదులుగా బకాయిల కోసం చేసే ఫోన్లను వేరొకరికి అప్పగించమనీ అడిగారు. మొదటి కోరికకు ఆయన ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు, రెండోది మాత్రం చాలాకాలం నానింది. అధికారులతో నాకున్న పేచీ ఇదే. బలాల పోస్టర్లు గోడలకు అంటించి, 'నువ్వు బాగా చేస్తావు కదా, ఇదీ నువ్వే చెయ్యి' అంటూ పాత పని తగ్గించకుండా కొత్తది నెత్తిన పెట్టడాన్ని వారు ప్రోత్సాహం అనుకుంటారు. బలహీనతలను వదిలేయమని బోధించే కోచ్‌లతోనూ నాకు పడదు. ఆవిడ సమావేశాలలో నోరు విప్పేవారు కాదు. అది కొంతైనా మారకపోతే ఆ కాగితం సెక్షన్‌లోని బల్లలు దాటి పై అధికారి దాకా వెళ్లేదే కాదు.

కోచ్‌ను వెతికేలోగా మీరు ఒకటి చేయవచ్చు. ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడల్లా ఏం జరుగుతుందని ఆశిస్తున్నారో రాసిపెట్టుకుని, 9 నుంచి 12 నెలల తర్వాత జరిగినదానితో పోల్చి చూసుకోమని నిర్వహణ శాస్త్ర రచయిత పీటర్ డ్రక్కర్ చెప్పారు. అన్నాళ్లు ఆగలేకపోతే, ఇతరులు పనిగట్టుకుని మిమ్మల్నే వచ్చి అడిగే పనులేమిటో ఒక నెలపాటు తేదీలతో సహా రాయండి. మొదటి సమావేశానికి నివేదికకు బదులు ఆ కాగితం తీసుకువెళ్లండి. దాన్ని చూసి కూడా ఆ కోచ్ మిమ్మల్ని మళ్లీ ఇంకో పరీక్ష రాయమంటే, వేరే కోచ్‌ను చూసుకోండి.