బాలవాటిక పోస్టుకు ఏడాది మాంటిస్సోరి డిప్లొమా ఎందుకు చెల్లలేదు?

మీ చెల్లెలి డిప్లొమా ఎందుకు చెల్లలేదని అడిగారు కదా. ఆమె మార్కుల్లో లోపం లేదండీ, చిక్కంతా కోర్సులోనే ఉంది. కేంద్రీయ విద్యాలయాల బాలవాటిక (ఒకటో తరగతికి ముందు తరగతులు) టీచరుకు ఇంటర్‌లో 50 శాతం మార్కులు, ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) గుర్తింపు ఉన్న సంస్థలో రెండేళ్లకు తక్కువ కాని నర్సరీ లేదా ప్రీస్కూల్ డిప్లొమా అడుగుతారు. విశాఖ ద్వారకానగర్‌లో ఆ అమ్మాయి చేసింది ఏడాది కోర్సు.

మళ్లీ ఎక్కడైనా చేరే ముందు:

1. కోర్సు పేరు చూడండి. ఎన్‌సీటీఈ లెక్కలో ప్రీస్కూల్‌కు ఉన్నది డీపీఎస్‌ఈ (డిప్లొమా ఇన్ ప్రీస్కూల్ ఎడ్యుకేషన్), రెండేళ్లు.

2. అందరూ వదిలేసేది ఇక్కడే. గుర్తింపు కాలేజీ మొత్తానికి రాదు, ఒక్కో కోర్సుకు విడిగా ఇస్తారు. బీఈడీకి ఉన్న గుర్తింపు చూపించి ప్రీస్కూల్ డిప్లొమాలో చేర్చుకుంటే అది చెల్లదు. బోర్డు మీద ‘ప్రభుత్వ గుర్తింపు’ అన్న మాటా చాలదు, సొసైటీ రిజిస్ట్రేషన్‌ను కూడా అలాగే రాసుకోవచ్చు! గుర్తింపు ఆర్డరు కాపీ అడగండి. కోర్సు పేరు, ఏడాదికి ఎన్ని సీట్లు అన్నది అందులో ఉంటాయి. దాన్ని ఎన్‌సీటీఈ వెబ్‌సైట్‌లో దక్షిణ ప్రాంతీయ కమిటీ జాబితాతో పోల్చుకోండి. కాపీ ఇవ్వడానికి నసిగితే ఫీజు కట్టకండి.

3. ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) వారి డీఈసీఈ, అంటే చిన్నపిల్లల సంరక్షణ, విద్య డిప్లొమా, చదువుగా మంచిదే, కానీ అదీ ఏడాదిదే. ఈ పోస్టుకు పనికిరాదు.

4. ఎస్‌జీటీ (ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల టీచరు) ఆలోచన కూడా ఉంటే డీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి డీఎల్‌ఈడీ (ప్రాథమిక ఉపాధ్యాయ డిప్లొమా) చేయాలి. మనకు దగ్గర్లో భీమిలి డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) ఉంది.

పాత సర్టిఫికెట్ పారేయకండి, ప్రైవేటు ప్లే స్కూళ్లలో అడుగుతారు.